దూలానికి నల్ల గుడ్డ

జూన్ 4

అమ్మాయికి అత్త రాసేది.

నేను బాగానే ఉన్నాను. ముందు ఆ మాట రాసేస్తే మిగతాది స్థిమితంగా చదువుతావని రాశాను. దెబ్బలేమీ తగల్లేదు. మంచానికి కాళ్ళ వైపు పడింది గానీ తల వైపు పడలేదు.

ఏం పడిందో చెప్పకుండా దెబ్బల సంగతి రాశాను చూడు. కింద గదిలో నా మంచం మీదుగా ఆ గోడ నుంచి ఈ గోడకి దూలం ఉంది కదా, దాని అడుగు నుంచి సిమెంటు పెచ్చు ఊడి పడింది. అన్నం పళ్ళెమంత పెచ్చు. నేను అప్పుడే మంచినీళ్ళు తాగుదామని లేచాను. దాహం వెయ్యకపోతే ఈ ఉత్తరం పక్కింటి టీచరమ్మ రాయాల్సి వచ్చేది. ఊడిన చోట ఇనప చువ్వ కనిపిస్తోంది, తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచి ఉంది. గోడ దగ్గర ఏటవాలుగా ఒక పగులు కూడా ఉంది. రోజూ పడుకుంటే కళ్ళెదురుగా ఉండేదే. సాలెగూడు అనుకుని ఊరుకున్నాను.

ఫోను చెయ్యొద్దు. ఫోనులో నీ మాట నాకు సగమే వినపడుతుంది, ఆ సగానికి నేను ఇంకేదో జవాబు చెప్తాను, నువ్వు నవ్వుతావు, ఇద్దరికీ ఏమీ తెలియకుండానే పెట్టేస్తాం. ఉత్తరమే రాయి. పెద్ద అక్షరాలతో రాయి.

ఆ టీచరమ్మే ఎవరినో పట్టుకుని ఒక ఇంజనీరు అమ్మాయిని పిలిపించింది. చిన్నపిల్ల. ఇంత చిన్నపిల్ల దూలం సంగతి ఏం చెప్తుందా అనుకున్నాను గానీ నిచ్చెనెక్కి, చిన్న సుత్తితో ఈ చివర నుంచి ఆ చివరకి తట్టుకుంటూ వెళ్ళింది. పైన మీరు పుస్తకాల బైండింగు జిగురు గిన్నెలు కడిగే మూల ఉంది కదా, అక్కణ్ణించి ఇన్నేళ్ళూ నీళ్ళు స్లాబులోకి దిగి చువ్వలు తిన్నాయట. "నీళ్ళే మామ్మగారూ దీని ప్రాణం తీసింది" అంది. ఆ గిన్నెలు కడిగేది మా అబ్బాయే కదా. నిన్ను కూడా కడగనిచ్చేవాడు కాదు. వాడి శుభ్రం వాడిది.

దూలాన్ని పడగొట్టక్కర్లేదట, బలపరుస్తారట. ఎలాగో వచ్చే వారం చెప్తానంది. పైగది చూస్తానంది. ఇవాళ కాదులే అన్నాను.

పైగదిలో వాడి కాగితాలు కోసే మిషను క్షేమం. పొద్దున్నే పైకెళ్ళి నూనె గుడ్డతో తుడుస్తున్నాను. కత్తి మీద తుప్పు చుక్క కూడా లేదు. చక్రం మాత్రం ముట్టుకోలేదు. వాడు ఆసుపత్రికి వెళ్ళిన రోజు పొద్దున కాగితాల దొంతర లోపల పెట్టి, చక్రం తిప్పి బిగించి, కొయ్యకుండానే ఒళ్ళు తూలుతోందని లేచి వెళ్ళి, మళ్ళీ తిరిగి రాలేదు చూడు, ఆ బిగువు ఇప్పటికీ అలాగే ఉంది. తుడిచేటప్పుడు కూడా చక్రం పక్క నుంచి తుడుస్తాను. నువ్వు ఉద్యోగానికని ఊరు వెళ్ళే రోజున, "మిషను కోసం ఎప్పుడో వస్తాను అత్తయ్యా, అప్పటిదాకా చూస్తూ ఉండండి" అన్నావు. చూస్తూనే ఉన్నాను.

నువ్వు వేళకి తింటున్నావా? పోయిన ఉత్తరంలో నీ చేతిరాత వంకరగా ఉంది. జ్వరంలో రాశావా, బస్సులో రాశావా?

దూలం కింద కాకుండా వంటగదిలో కూర్చుని రాస్తున్న
మీ అత్త


జూన్ 10

అత్తయ్యకి నమస్కారాలు.

మంచం వెంటనే వంటగదిలోకి మార్పించండి. ఇది అడగడం కాదు, మార్పించండి. ఉత్తరం రాయడానికి వంటగదిలో కూర్చుని, పడుకోవడానికి మళ్ళీ ఆ గదిలోకే వెళ్తారని నాకు తెలుసు.

నాకు జ్వరం రాలేదు. భోజనానికి ఇచ్చే వ్యవధిలో బల్ల కింద ఒళ్ళో పెట్టుకుని రాశాను, అందుకని అక్షరాలు వంకరపోయాయి. ఇది మాత్రం గదిలో కూర్చుని రాస్తున్నాను, చూడండి ఎంత గుండ్రంగా ఉందో.

ఇక్కడ ప్రెస్సులో బైండింగు విభాగంలో మిషన్లన్నీ కరెంటువే. మీట నొక్కితే కత్తి దిగుతుంది, చేతికి పనే తెలియదు. కొత్తలో నా కుడి చెయ్యి చక్రం కోసం గాల్లో వెతికేది. పక్కవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. ఇప్పుడు వెతకడం లేదు.

ఇంజనీరు ఏం చెప్తే అది చెయ్యనివ్వండి. అడ్డం పడకండి. మిషను సంగతి మీకెలా ఇష్టమైతే అలా. నా గురించి ఆలోచించకండి.

మందులు ఆపకండి.

మీ కోడలు


జూన్ 17

అమ్మాయికి,

మంచం మార్పించాను. నువ్వు ఊహించినట్టే అయింది, కానీ మూడో రోజుకి మార్పించాను.

"మీకెలా ఇష్టమైతే అలా" అని రాశావు. ఆ మాట నాకు కొత్త కాదు. పైన పని ఎక్కువై నీకు విసుగు పుట్టినప్పుడు, ఇవాళ ఏం వండమంటావు అని నేను మెట్ల కింద నుంచి అడిగితే, ఆ మాటే పై నుంచి పడేది. కోపం లేనప్పుడు ఫలానాది చెయ్యండి అనేదానివి. అందుకని నీకు కోపం వచ్చిందని అర్థమైంది. ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. మిషను ఊసెత్తితే నీకు కష్టంగా ఉందేమో. గాల్లో చెయ్యి వెతకడం లేదని కూడా రాశావు. మంచిదే. అలవాటు తప్పడం మంచిదే కదా.

ఇక్కడ పని మొదలైంది. నా గది నా గదిలా లేదు. దూలం కింద వరసగా ఇనప జాకీలు నిలబెట్టారు, అటూ ఇటూ నడవాలంటే పక్కకి తిరిగి నడవాలి. జాకీలు కొంచెం బిగించి దూలాన్ని వెంట్రుకవాసి పైకెత్తి ఉంచుతారట, చేసేటప్పుడు దానికి ఊపిరి అందడానికి. మేస్త్రీ తాడి చెట్టంత పొడుగు. నిచ్చెన లేకుండానే దూలం అందుకుంటాడు. పుచ్చిపోయిన సిమెంటంతా చెక్కేసి, చువ్వల తుప్పు తీగ బ్రష్షుతో గీకి, ఏదో మందు పూసి, గుంటలు పూడ్చాడు. ఇల్లంతా బూడిద. నేను దగ్గుతుంటే, "మామ్మా, దూలానికి దంతవైద్యం జరుగుతోంది, నువ్వు కాసేపు టీచరమ్మ ఇంట్లో కూర్చో" అన్నాడు. కూర్చోలేదు. నేను లేనప్పుడు ఏమైనా పడితే?

ఇక గుడ్డ సంగతి. ఇంజనీరు అమ్మాయి ఒక చుట్ట తెచ్చి విప్పింది. నేను దోమతెర అనుకున్నాను. నల్లటి వల, చదరాలు చదరాలుగా ఉంది. పట్టుకుంటే గట్టిగా ఉంది గానీ పోగు మాత్రం జడలో వెంట్రుకల్లా నున్నగా ఉంది. దూలాన్ని తడిపి, సన్నగా సిమెంటు మాలు పూసి, ఈ వలని అడుగునా రెండు పక్కలా అదిమి, దాని మీద మళ్ళీ సన్నగా మాలు పూస్తారట. దూలానికి చొక్కా తొడిగినట్టే. ఇనుము పెట్టరా అంటే, ఇది తుప్పు పట్టదు, పైగా దూలానికి సొంత బరువు పెంచదు అంది. నాకు వెంటనే తట్టింది. వాడు పుస్తకం కుట్టాక వీపుకి జిగురు రాసి, జల్లెడలా పల్చగా ఉండే జల్లి గుడ్డ అదిమి, దాని మీద మళ్ళీ జిగురు రాసేవాడు కదా. అది ఉంటే పుస్తకం ఎన్నిసార్లు తెరిచినా వీపు విరగదనేవాడు. ఆ సంగతి చెప్తే ఇంజనీరు అమ్మాయి ముచ్చటపడి, "అచ్చం అదే మామ్మగారూ" అంది. మన పని తెలిసిన వాళ్ళింట్లో దీన్ని అర్థం చేసుకోవడం ఏమంత కష్టం.

ఒక చిన్న సంగతి. పైన ఏముందని అడిగింది. చీపురూ, పాత అట్టలూ తప్ప ఏమీ లేవన్నాను. తాళంచెవి పొరపాటున కోడలు పట్టుకుపోయిందన్నాను. అంత బరువు మిషను ఉందని తెలిస్తే తియ్యమంటుంది. తియ్యాలంటే విడదియ్యాలి, విడదియ్యాలంటే చక్రం వదులు చెయ్యాలి. ఎందుకొచ్చిన గొడవ. జాకీలు ఉన్నాయి కదా, అవి మోస్తాయి. మిషను ఇక్కడుంటే నువ్వు ఒకసారైనా వస్తావని కాదు. మెట్లు ఇరుకు, అందుకని.

ఎవరైనా అడిగితే తాళంచెవి నీ దగ్గరే ఉందని చెప్పు.

మీ అత్త


జూన్ 23

అత్తయ్యకి,

తాళంచెవి నా దగ్గర ఎక్కడుంది? మీ నడుముకి ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

ఈ ఉత్తరం చదవగానే మిషను ఉందని ఆ ఇంజనీరుకి చెప్పండి. దాన్ని మోకులు కట్టి పైకి ఎక్కించిన రోజు మెట్ల కింద నిలబడి, "ఇల్లు కూలుతుందిరా, నా మాట వినరా" అని అరిచింది మీరే. మీ అబ్బాయి వినలేదు. ఇప్పుడు ఆ మాటే నేను మీతో అంటున్నాను.

అంతగా అయితే మిషను ఎవరికైనా ఇచ్చేయండి. మీ ప్రాణం కంటే అది ఎక్కువ కాదు. నాకు కోపం లేదు. లేదని ఎన్నిసార్లు రాసినా మీరు ఉందనే చదువుతారు, అయినా రాస్తున్నాను.

మీతో ఒక విషయం చెప్పాలి. ఉత్తరంలో ఎలా రాయాలో తెలియక ఆగుతున్నాను. కంగారు పడేది కాదు. ముందు దూలం పని కానివ్వండి.

మీ కోడలు


జూలై 2

అమ్మాయికి,

కంగారు పడేది కాదని రాస్తే నేను కంగారు పడకుండా ఎలా ఉంటాను? కంగారు పడేది కానిదాన్ని ఎవరూ ఆపి ఉంచరు. నీకు కడుపులో నొప్పి వచ్చేది, అది తిరగబెట్టిందా? డాక్టరు ఏమైనా అన్నాడా? ఉద్యోగంలోంచి తీసేశారా? తీసేస్తే తీసేశారు, వచ్చెయ్యి. నేను ఇంకా కాగితాలు మడత పెట్టగలను. ఏ సంగతో ముక్క రాసి పడేస్తే నాకు ఒక్క భయమే ఉండేది. రాయకపోయేసరికి అన్ని భయాలూ ఉన్నాయి.

మిషను ఎవరికైనా ఇచ్చెయ్యమన్నావు. నీకు అది అక్కర్లేదన్న మాట. సరే. అక్కర్లేని దాని కోసం ఎవరూ రారు. అదీ సరే. కానీ ఆ పూటే వాళ్ళు గుడ్డ వేస్తున్నారు, చేతుల నిండా సిమెంటుతో ఉన్నవాళ్ళని ఆపి పైన మిషను ఉందని ఎలా చెప్పను? చెప్పలేదు.

ఇప్పుడు రాయబోయేది చదివి నన్ను తిట్టకు. తిట్టినా ఉత్తరంలో తిట్టు, మనసులో పెట్టుకోకు.

గుడ్డ వెయ్యడం అయ్యాక దూలాన్ని వారం రోజులు తడి ఆరకుండా ఉంచమన్నారు. తడి గోనెలు కప్పి, పైన నీళ్ళు చల్లుతూ ఉండమన్నారు. సరేనన్నాను. వాళ్ళు వెళ్ళాక ఆలోచన పట్టుకుంది. దీని ప్రాణం తీసింది నీళ్ళేనని ఆ అమ్మాయే అంది కదా. మళ్ళీ నీళ్ళు పొయ్యమంటుందేమిటి? చిన్నపిల్ల, మాట తడబడిందేమో. పైగా మనింట్లో తడిగా వదిలిన పని ఏదైనా బాగుపడిందా? ఒక వానాకాలం వాడు తొందరపడి ఆరని పుస్తకాలు కట్ట కట్టేస్తే, అన్నిటికీ బూజు పట్టి వెనక్కి వచ్చాయి. అప్పణ్ణించి జిగురు పెట్టిన ప్రతి పుస్తకాన్నీ ఫ్యాను కింద వరసగా నిలబెట్టడం నా పనే కదా. ఆరితేనే పట్టు అనేవాడు. అందుకని గోనెలు తీసేసి, బల్ల మీద పీట వేసి, పీట మీద ఫ్యాను పెట్టి దూలం వైపు తిప్పాను. తువ్వాలుతో తుడిచాను కూడా. మేస్త్రీ వచ్చే వేళకి మళ్ళీ గోనెలు తడిపి కప్పేదాన్ని. బాగా ఆరింది. చూసి సంతోషించాను.

నిన్న ఇంజనీరు అమ్మాయి వచ్చి సుత్తితో తట్టింది. గోడ వైపు గట్టిగా పలికింది. మధ్యకి వచ్చేసరికి డొల్ల డొల్లగా పలికింది, తలుపు కొట్టినట్టు. అద్దం పెట్టి చూస్తే సన్నటి బీటలు. పొర పట్టు వదిలేసిందట. పొడుగు మేస్త్రీ మొహం మాడిపోయింది, తన చేతి పనే చెడిందనుకున్నాడు. కలపడంలో తప్పు జరిగిందా అని ఆ అమ్మాయి అతన్ని అడుగుతుంటే నేను చూడలేకపోయాను. ఫ్యాను సంగతి చెప్పేశాను. ఆ అమ్మాయి అక్కడే పీట మీద కూలబడింది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "సిమెంటు ఆరితే గట్టిపడదు మామ్మగారూ. తడి తాగుతూ గట్టిపడుతుంది. దాని నోటి దగ్గర నీళ్ళు మీరు లాగేశారు" అంది.

అంతా చెక్కేసి మళ్ళీ వేస్తారట. ఈసారి పైగది చూడకుండా చెయ్యి పెట్టనంది. తాళంచెవి పంపించమని నీకు ఉత్తరం రాయమంది. రాస్తానన్నాను. అదే ఇది.

విషయం ఏమిటో రాయి. ఏదైనా సరే రాయి.

మీ అత్త


జూలై 3

అత్తయ్యకి,

మీ జవాబు రాకముందే ఇది రాస్తున్నాను. ఆగితే మళ్ళీ రాయలేను.

ఇక్కడ అచ్చు మిషను దగ్గర పనిచేసే ఒకాయన ఉన్నాడు. భార్య పోయి చాలా కాలమైంది. మాట తక్కువ. నాకు రోజూ కాగితాల కట్టలు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళేవాడు. ఒకరోజు పెట్టి వెళ్ళకుండా నిలబడ్డాడు. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. మా అత్తయ్యకి చెప్పాకే జవాబు చెప్తానన్నాను. మీ తరఫు వాళ్ళెవరూ లేరా అన్నాడు. ఉన్నది ఆవిడేనన్నాను.

మీరు వద్దంటే వద్దు. ఇది మాటవరసకి రాయడం లేదు.

ఇంకొకటి కూడా రాసేస్తాను. ఒకవేళ అయితే, ఉద్యోగం మానేసి ఇద్దరం చిన్న బైండింగు పని పెట్టుకుందామని ఆయన ఆలోచన. కోసే మిషను ఒకటి దొరికితే చాలన్నాడు. నాకు తెలిసి ఒకటి ఉంది గానీ అది మా అత్తయ్యది అని చెప్పాను. ఇక ఆ ఊసు ఎత్తలేదు.

నిజానికి దాన్ని మీకోసమే వదిలి వచ్చాను అత్తయ్యా. మీ అబ్బాయి పోయాక మీరు అన్నం మానేశారు, మాట మానేశారు, పొద్దున్నే లేచి మిషను తుడవడం ఒక్కటే మానలేదు. అది కూడా నేను పట్టుకుపోతే మీరు మంచం దిగరని భయపడ్డాను. ఎప్పుడో వస్తాను, చూస్తూ ఉండండి అన్నది అందుకే. ఇచ్చెయ్యమని రాసినప్పుడు నా చెయ్యి ఎంత ఆగిందో మీకు తెలియదు. అది మీకు బరువైతే ఉండకూడదని రాశాను. నాకు అక్కర్లేక కాదు.

ఏం రాసినా మీరు రాసేది చదువుతాను.

మీ కోడలు


జూలై 12

అమ్మాయ్,

ఉత్తరం వచ్చింది. చదివి మడిచి బియ్యం డబ్బా వెనక పెట్టాను. కాసేపటికి తీసి మళ్ళీ చదివాను. ఏడవలేదని రాయను, నువ్వు నమ్మవు. కోపం కూడా వచ్చింది. నీ మీదో, ఆ మాట తక్కువాయన మీదో, చక్రం బిగించి వెళ్ళిపోయిన వాడి మీదో నాకు తెలియలేదు. ఎవరూ ఎదురుగా లేరు గనక అందరి మీదా వచ్చింది. దూలం మీద కూడా వచ్చింది.

తర్వాత ముఖం కడుక్కుని, తాళంచెవి చేత్తో పట్టుకుని, ఇంజనీరు అమ్మాయిని పైకి రమ్మన్నాను.

తలుపు తీయగానే ఆ అమ్మాయి, "అమ్మో" అని గడప దగ్గరే ఆగిపోయింది. మిషను చుట్టూ తిరిగింది. కింద దూలం ఎక్కడ పోతుందో నేల మీద అడుగులతో చూసింది. సరిగ్గా దాని మీదే ఉంది. నేను గదమాయిస్తుందని చేతులు కట్టుకుని నిలబడ్డాను. గదమాయించలేదు. నాకు అర్థమయ్యేట్టు నెమ్మదిగా చెప్పింది.

"ఆ గుడ్డ వేసేటప్పటికే దూలం మీద ఉన్న బరువుని అది పంచుకోదు మామ్మగారూ. ఆ బరువు పాత దూలమే మొయ్యాలి. గుడ్డ మోసేది ఆ తర్వాత వచ్చే బరువుని. అందుకని ముందు దించగలిగినంతా దించాలి."

ఆ అమ్మాయి దూలం సంగతే చెప్పింది, నాకు తెలుసు.

పాత మిషన్లు విప్పడం తెలిసిన మెకానిక్కు ఒకతన్ని మేస్త్రీ పిలుచుకొచ్చాడు. అతను చక్రం మీద చెయ్యి వెయ్యబోతే ఆగమన్నాను. అది నేనే తిప్పుతానన్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను. కదల్లేదు. ఒళ్ళంతా దాని మీద పెట్టి లాగాను. ఊహూ. వాడికి ఒంట్లో బాగాలేని రోజున కూడా అంత బలం ఉంది చూడు. ఆసుపత్రిలో చివరికి గ్లాసు పట్టుకోలేకపోయాడు గానీ, అమ్మాయ్, ఆ చక్రంలో మాత్రం వాడి చెయ్యి అలాగే ఉంది. నాకు లొంగలేదు.

పొడుగు మేస్త్రీ నా వెనక నిలబడి నా చేతుల మీద తన చేతులు వేశాడు. "నువ్వే తిప్పు మామ్మా, నేను ఊరికే పట్టుకుంటాను" అన్నాడు. కిర్రుమని ఒక్క శబ్దం చేసి తిరిగింది. తర్వాత ఎంత తేలికగా తిరిగిందో. బొంగరంలా తిరిగింది. అంత తేలికగా తిరగకుండా ఉంటే బాగుండేది.

కాగితాలు అతుక్కుపోయి ఒకే చెక్కలా ఉన్నాయి. అలాగే గుడ్డలో చుట్టాను. మిషను ముక్కలన్నీ మోకులతో దింపారు. ఈసారి నేను మెట్ల కింద అరవలేదు.

ఇప్పుడు ఒక మాట రాస్తాను. మిషను నీదే. నీకు అక్కర్లేదనుకుని ఏడ్చినదాన్ని, కావాలని తెలిసి ఉంటే ఎప్పుడో పంపేదాన్ని అని రాద్దామనుకున్నాను. కానీ అది అబద్ధం. తెలిసినా పంపేదాన్ని కాదు. అది ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నువ్వు ఒకసారి రావాలి కదా. దాని కోసమే ఇంజనీరుకి అబద్ధం చెప్పాను. మెట్లు ఇరుకని కాదు.

లారీలో పంపిస్తున్నాను. కత్తికి వేరే గుడ్డ చుట్టాను, విప్పేటప్పుడు జాగ్రత్త. కాగితాల కట్ట కూడా అందులోనే ఉంది, నేను ఉంచుకుంటే రోజూ విప్పి చూస్తాను.

ఆయనకి జవాబు చెప్పు. వాడు ఉంటే అనే మాట నేను రాయను. వాడు లేడు. నేనున్నాను, నేను చెప్పమంటున్నాను. సరేనని చెప్పు.

మాట తక్కువ మనిషితో కాపురం కొంచెం కష్టం, నువ్వే మాట్లాడాలి.

మీ అత్త


జూలై 23

అత్తయ్యా,

మిషను చేరింది. ఒక్క మర కూడా పోలేదు. మీరు చుట్టిన గుడ్డలు విప్పడానికే పూటంతా పట్టింది. కత్తి చుట్టూ ఉన్నది మీ పాత చీర కదా, నేను గుర్తు పట్టాను.

ఇద్దరం కలిసి నిలబెట్టాం. మొదట చక్రం తిప్పింది నేనే. తిప్పుతుంటే ఆయన గదిలోంచి బయటికి వెళ్ళి నిలబడ్డాడు. పిలిచేదాకా రాలేదు. మీకు నచ్చుతాడు.

కాగితాలకి బిగించిన చోట అంచు పొడుగునా గాడి పడి ఉంది. వేలితో ఎంత రాసినా పోవడం లేదు. వాటిని కొయ్యలేదు. అలాగే అల్మారాలో పెట్టాను.

ఆగస్టు మొదటి ఆదివారం నలుగురి మధ్యలో దండలు మార్చుకుంటాం. మీరు రావాలి. టీచరమ్మగారిని తోడు తీసుకుని రండి. బస్సు దిగే చోటుకి నేనే వస్తాను. అమ్మ స్థానంలో ఎవరు కూర్చుంటారని ఆయన అడిగితే మీరన్నాను.

మీ కోడలు


ఆగస్టు 14

చిరంజీవి సౌభాగ్యవతి అయిన అమ్మాయికి అత్త ఆశీర్వదించి రాసేది.

ఆ మాట నీ పేరున రాసి చాలా కాలమైంది. మొదట చెయ్యి తిరగలేదు. వేరే కాగితం మీద రాసుకుని చూసి, తర్వాత ఇక్కడ రాశాను.

రాలేదని నీకు బాధగా ఉంటుంది. గుడ్డ మళ్ళీ వేసిన వారం అదే, తడి ఆరకుండా చూసుకోవాలని టీచరమ్మ చేత కబురు చేయించాను. నువ్వు నమ్మినట్టు ఊరుకున్నావు. తడపడానికి టీచరమ్మ ఉంది. పొడుగు మేస్త్రీ కూడా, "నువ్వెళ్ళి రా మామ్మా, నేను చూసుకుంటాను" అన్నాడు. చీర కూడా తీసి పెట్టుకున్నాను. బయల్దేరే పొద్దున నా కాళ్ళు గడప దాటలేదు. నిన్ను దీవించడం ఇష్టం లేక కాదు, నేను అక్కడ కూర్చుంటే ఎవరికి తల్లిగా కూర్చున్నానో నాకే తెలియకుండా పోతుందని భయం వేసింది. ఆ పూటంతా గోనెలు తడుపుతూ కూర్చున్నాను. నీ మీద అక్షింతలు వెయ్యాల్సిన చేత్తో దూలం మీద నీళ్ళు చల్లాను. ఏమనుకోకు.

ఈసారి తడి ఒక్క క్షణం ఆరనివ్వలేదు. ఫ్యాను టీచరమ్మ ఇంట్లో పెట్టించాను, ఉక్కపోత భరించాను. నిన్న ఇంజనీరు అమ్మాయి వచ్చి ఈ చివర నుంచి ఆ చివరకి తట్టింది. అంతటా ఒకే పలుకు. గట్టి పలుకు. సుత్తి నా చేతికిచ్చి మీరు కూడా తట్టండి మామ్మగారూ అంది. తట్టాను. పొడుగు మేస్త్రీ నా వైపు చూసి, "చొక్కా సరిపోయింది" అన్నాడు. నల్ల గుడ్డ ఇప్పుడు బయటికి కనిపించదు. లోపల ఉందని తెలిసిన వాళ్ళకే తెలుసు.

తర్వాత జాకీలు ఒక్కొక్కటే వదులు చేశారు. బయట నిలబడమంటే నిలబడలేదు. చివరి జాకీ తీస్తుంటే దూలం వైపే చూస్తూ ఉన్నాను. ఏమీ కాలేదు. గది ఒక్కసారి పెద్దదైపోయింది. మంచం మళ్ళీ అక్కడే వేయించాను.

పొద్దున లేవగానే నూనె గుడ్డ పట్టుకుని పైకి వెళ్తున్నాను, అలవాటు పోవడం లేదు. తుడవడానికి ఏమీ లేదు. మిషను కాళ్ళు ఉన్న చోట నేల నాలుగు చదరాలు కొత్తగా, తెల్లగా ఉంది. మిగతా నేలంతా పాతబడింది. కాసేపు కూర్చుని దిగి వస్తున్నాను.

కడిగే మూల కూడా బాగు చేయించాను, ఇక నీళ్ళు దిగవు. పైన ఏమైనా పెట్టుకోవచ్చా అని ఇంజనీరు అమ్మాయిని అడిగాను. మళ్ళీ ఇనప మిషను పెట్టనంటే పెట్టుకోవచ్చంది. మంచం, మనుషులు, ఏదైనా పరవాలేదంది.

అందుకని రాస్తున్నాను. తీసుకెళ్ళడానికి ఇక్కడ నీది ఇక ఏమీ మిగల్లేదు. ఇకమీద వస్తే ఊరికే రావాలి. ఊరికే రావడానికి వీలు చూసుకో. ఆయన్ని కూడా తీసుకురా. మాట్లాడకపోయినా పరవాలేదు, నాకు ఎలాగూ సగమే వినపడుతుంది. మీ ఇద్దరికీ పైగదిలో పక్క వేస్తాను. నేను కింద నా మంచం మీద పడుకుంటాను.

భయం లేదు. దూలం మోస్తుంది.

మీ అత్త